సమన్లు తీసుకోకపోతే కేసు ఆగుతుందా?

సివిల్ దావాలు చూసే వకీలుగా నాకు తరచూ వినపడే మాట ఒకటుంది. "నేను సమన్లు తీసుకోనేలేదు కదా సార్, డిక్రీ ఎలా ఇచ్చేశారు?"

అపోహ: సమన్లు తీసుకోకపోతే కేసు నడవదు.

జనాన్ని ఇంతగా ముంచిన మాట ఇంకోటి లేదు. ఈ సలహా ఇచ్చినవాళ్లెవరూ తర్వాత కోర్టుకు తోడు రారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5లో అన్నీ రాసే ఉన్నాయి. మీరు సంతకం పెట్టనంటే అమీనా, అంటే సమన్లు అందించే కోర్టు ఉద్యోగి, వాటిని మీ ఇంటి తలుపుకి అతికించి, ఎవరి సమక్షంలో అతికించాడో రాసి రిపోర్టు ఇస్తాడు. పోస్టులో వచ్చిన కవరు వద్దంటే, పోస్ట్‌మ్యాన్ ఆ సంగతి రాసి తిప్పి పంపుతాడు. అప్పుడు సమన్లు అందినట్టేనని కోర్టు ప్రకటిస్తుంది. మీరు ఊళ్లో లేనప్పుడు మీతో కలిసి ఉండే కుటుంబ సభ్యులు, మేజరైతే చాలు, ఆడవాళ్లయినా సరే, తీసుకుంటే చెల్లుతుంది. పనిమనిషికి ఇస్తే చెల్లదు.

ప్రామిసరీ నోటు దావాలో ఒక టీచరు గారు బావమరిది మాట విని కవరు తిప్పి పంపారు. జీతం అటాచ్‌మెంటు (జప్తు) ఆర్డరు స్కూలుకి వచ్చాక నా దగ్గరికొచ్చారు. కేసు కాగితాల కట్ట తెప్పించి చూస్తే ఆ కవరు అందులోనే ఉంది. పైన ఆయన పేరు, పక్కన పోస్ట్‌మ్యాన్ రాత, తేదీ, పొట్టి సంతకం. ఆయన దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. బాకీలో చాలా భాగం తీర్చిన రసీదులు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. మొదటి వాయిదాకే వచ్చి ఉంటే అవి చూపించేవాళ్లం. చివరికి సగం డబ్బు కోర్టులో కట్టాలన్న షరతు మీద డిక్రీ రద్దయింది. ఆ డబ్బు కోసం ఆయన మళ్లీ అప్పు చేశారు.

అపోహ: ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు రాకుండానే కోర్టు ఇచ్చిన డిక్రీ) వచ్చిందంటే ఇక అంతే.

కాదు, కంగారు పడకండి. ఆర్డర్ 9 రూల్ 13 కింద రద్దు కోరవచ్చు. సమన్లు సరిగ్గా అందలేదనో, ఆ వాయిదాకి రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. పేపర్ ప్రకటన ఇచ్చినా, ఈ గడువు లెక్కలో దాన్ని సరైన సర్వీసుగా, అంటే సమన్లు అందించినట్టుగా చూడరు. చాలామందికి ఈ సంగతే తెలియదు. గడువు దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 పిటిషన్ కూడా వేసి ఆలస్యానికి కారణం చెప్పాలి. తెలిసిన తేదీ విషయంలో మాత్రం అబద్ధం ఆడొద్దు. సర్టిఫైడ్ కాపీలకి ఎప్పుడు దరఖాస్తు పెట్టారో రికార్డులో ఉంటుంది.

ముందుగా తీసుకోవాల్సినవి కూడా ఆ కాపీలే: అమీనా రిపోర్టు, పోస్టు కవరు. అడ్రసు మీదేనా? ఇల్లు చూపించినవాళ్ల పేరు, చిరునామా రిపోర్టులో ఉన్నాయా? ఖాళీ చేసి వెళ్లిన ఇంటి తలుపుకి అతికించి ఉంటే మీకు మంచి పట్టు దొరికినట్టే. అయితే వాయిదా తేదీ మీకు ముందే తెలిసి, రావడానికి తగినంత టైము ఉందని తేలితే, సర్వీసులో చిన్నచిన్న లోపాల మీద మాత్రమే డిక్రీ రద్దు చేయరు.

మిగతావి గబగబా చెప్తాను. రద్దు పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) ఆగదు, స్టే విడిగా అడగాలి. ఎక్స్‌పార్టీ డిక్రీ మీద అప్పీలుకీ దారి ఉంది. సివిల్ సమన్లు తెచ్చిన అమీనా మిమ్మల్ని అరెస్టు చేయడానికి రాలేదు, కాగితం తీసుకుని వాయిదా తేదీ చూసుకోండి. ఎక్స్‌పార్టీ పెట్టారు గానీ డిక్రీ ఇంకా రాలేదంటే మాత్రం ఈ వాయిదాకే వకీలుని పెట్టుకుని, ఆ ఎక్స్‌పార్టీ ఆర్డరు తీసేయమని ఆర్డర్ 9 రూల్ 7 పిటిషన్‌తో పాటు రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి మీ జవాబు) కూడా వేయించండి.