గడియారం కదలక ముందు ఒక్క అడుగు

రెండు కార్లు నిలిచిన చోటి నుంచి తిన్నటి ట్రాకుపై పక్కపక్కన పరుగెత్తే డ్రాగ్ రేసులో 9.90 సెకన్లలో గమ్యం చేరిన కారు ఓడిపోయి, 9.95 సెకన్లు పట్టిన కారు గెలవడం ఎలా సాధ్యమని ఒక పాఠకుడు అడిగారు. కొలతలో పొరపాటేమీ లేదు. పచ్చదీపం వెలిగిన తరువాత కారు కదలడానికి పట్టిన జాప్యాన్ని రియాక్షన్ టైమ్ పేరుతో విడిగా లెక్కిస్తారు. పరుగు సమయాన్ని కొలిచే గడియారం కారు కదిలాకే మొదలవుతుంది. ఓడిన డ్రైవరు జాప్యం 0.12, గెలిచినవాడిది 0.03 అయితే మొత్తాలు 10.02, 9.98 అవుతాయి. దీన్నే హోల్‌షాట్ గెలుపు అంటారు.

అసలు ఆసక్తికరమైనది ఆ ‘కదిలాకే’ అన్న మాట. అమెరికాలో 1963 నుంచి వాడుతున్న క్రిస్మస్ ట్రీ అనే దీపస్తంభం ముందు, నేలకు కాస్త ఎత్తులో, 7 అంగుళాల ఎడంతో రెండు కాంతికిరణాలు ట్రాకుకు అడ్డంగా వెళ్తాయి. ముందు చక్రం మొదటిదాన్ని అడ్డుకుంటే ప్రీస్టేజ్ దీపం, రెండోదాన్ని అడ్డుకుంటే స్టేజ్ దీపం వెలుగుతాయి. గడియారం మొదలయ్యేది మాత్రం చక్రం వెనక అంచు రెండో కిరణాన్ని వదిలినప్పుడు. చక్రం వ్యాసం 26 అంగుళాలు, కిరణం ఎత్తు అంగుళంన్నర అనుకుంటే, ఆ ఎత్తులో చక్రం అడ్డుకొలత సుమారు 12 అంగుళాలు. అంటే కారు ఒక అడుగు దూరం లెక్కలోకి రాకుండానే పరుగెత్తుతుంది. దీనికి రోల్‌అవుట్ అని పేరు.

జారవిడిచిన స్కేలును వేళ్లతో పట్టుకునే ప్రయోగం చాలామంది చేసే ఉంటారు. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మన ప్రతిస్పందన 0.2 సెకను. దీన్ని తరగతిలో సరదా ఆటగా ముగించేయడం నాకు నచ్చదు, ఎందుకంటే గురుత్వ త్వరణంతో సమానంగా దూకే కారు, పక్కకు పడుతున్న స్కేలే. 30 సెంటీమీటర్ల స్కేలు పూర్తిగా జారడానికి పావు సెకను పడుతుంది; రోల్‌అవుట్‌కూ అంతే. అందులో సగం దూరానికి మాత్రం సగం కాలం కాదు, 0.18 సెకను పడుతుంది.

ఇప్పుడు డ్రైవరు కారును మరో 6 అంగుళాలు ముందుకు జరిపాడనుకుందాం. చక్రం మొదటి కిరణాన్ని దాటిపోవడంతో ప్రీస్టేజ్ దీపం ఆరిపోతుంది. ఇదే డీప్ స్టేజింగ్. రియాక్షన్ టైమ్ 0.07 సెకను తగ్గుతుంది. అయితే వేగం పుంజుకోకముందే గడియారం మొదలవుతుంది కనుక పరుగు సమయం దాదాపు అంతే పెరుగుతుంది. చివరికి మిగిలేది ఆ 6 అంగుళాలే. గంటకు 150 మైళ్ల వేగంతో గమ్యం దాటే కారుకు అది 0.002 సెకను. డీప్ స్టేజింగ్‌ను తాయెత్తులా నమ్మేవారు ఈ కూడికను ఒకసారి వేసి చూడాలి.

అయితే బ్రాకెట్ రేసింగ్‌లో కథ మారుతుంది. అక్కడ ప్రతి డ్రైవరూ తన పరుగు సమయాన్ని ముందే ప్రకటిస్తాడు. ఇద్దరి ప్రకటిత సమయాల తేడా మేరకు నెమ్మది కారుకు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. పెరిగిన 0.07 సెకనును ప్రకటనలోనే కలుపుకుంటే, తగ్గిన జాప్యం పూర్తిగా లాభమే. కానీ పచ్చదీపానికి ముందు వరుసగా వెలిగే పసుపుదీపాల్లో చివరిదానికీ పచ్చదీపానికీ మధ్య ఉన్నది అర సెకనే. పసుపు చూసి కాలు కదపడానికి 0.2, కారు స్పందించడానికి 0.05, రోల్‌అవుట్‌కు 0.25 పట్టే డ్రైవరుకు ఆ అర సెకను అచ్చంగా సరిపోతుంది. అతడే డీప్ స్టేజ్ చేస్తే 0.43 సెకనుకే కిరణాన్ని వదిలి, పచ్చదీపానికి ముందే కదిలినందుకు ఓటమిని సూచించే ఎర్రదీపం వెలిగించుకుంటాడు.