సింహం పిల్ల పాట పాడాలంటే: యానిమేషన్ మ్యూజికల్స్‌పై అపోహలు - వాస్తవాలు

1994లో వచ్చిన ‘ది లయన్ కింగ్’ కథ తెలియనివాళ్లు తక్కువ. బాబాయి స్కార్ పన్నిన కుట్రలో తండ్రి ముఫాసా పోతాడు. ఆ చావుకు తానే కారణమని నమ్మిన సింహం పిల్ల సింబా రాజ్యం వదిలి పారిపోతుంది, పెద్దయ్యాక తిరిగొచ్చి తన చోటు దక్కించుకుంటుంది. కథ తెలిసినంతగా దాని తయారీ తెలియదు. యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్లు కూడా కొన్ని తప్పుడు లెక్కలతోనే పని మొదలుపెట్టి, మూడు నెలల తర్వాత బొమ్మకూ పాటకూ సింక్ కుదరక తల పట్టుకుంటారు. ఆ లెక్కలను ఇక్కడ సరిచేద్దాం.

అపోహ: ముందు బొమ్మలు గీసి, తర్వాత పాట చేరుస్తారు

జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. పాట రాస్తారు, మామూలు పియానో మీద గైడ్ ట్రాక్ పాడిస్తారు, దానికి స్టోరీబోర్డు బొమ్మలు వరుసగా పేర్చి యానిమాటిక్ అనే నమూనా వీడియో కడతారు. అది కుదిరాక అసలు గొంతు రికార్డు చేస్తారు. యానిమేటర్ పెన్సిల్ పట్టేది ఆ తర్వాతే. వాద్యబృందంతో పూర్తి సంగీతం ఇంకా ఆలస్యంగా రావచ్చు, ఫరవాలేదు. కదలకూడనిది టెంపో, అంటే తాళం వేగం, ఒక్కటే. నిమిషానికి 96 బీట్లని ఒప్పుకుని గీయడం మొదలుపెట్టాక, సంగీత దర్శకుడు “కాస్త హుషారుగా ఉండాలి” అని 104 చేస్తే గీసినదంతా చెత్తబుట్టకే.

టెంపో ఎంచుకునేటప్పుడు ఒక చిన్న భాగహారం చేయాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. ఆ 1440ని బీట్ల సంఖ్యతో భాగిస్తే ఒక బీటుకు ఎన్ని ఫ్రేములో తెలుస్తుంది. 120కి 12, 96కి 15, 90కి 16, 80కి 18, 72కి 20. ఇవన్నీ హాయిగా తెగుతాయి. 100 పెట్టుకుంటే 14.4 వస్తుంది. ఆ పాయింట్ నాలుగే కదా అని 14 వేసుకుంటూ పోతే 60 బీట్లకు, అంటే 36 సెకన్ల పాటకు, 24 ఫ్రేములు తప్పిపోతాయి. పూర్తిగా ఒక సెకను! పల్లవిలో సరిగ్గా పడిన అడుగు చరణానికి వచ్చేసరికి తాళం తప్పడానికి చాలాసార్లు కారణం ఇదే. 100 తప్పదంటే ప్రతి అయిదు బీట్లకు 14, 15, 14, 15, 14 అని పంచుకోవాలి. మొత్తం 72 అవుతుంది, లెక్క సరిపోతుంది.

ఇంకో ఉచ్చు ప్రాజెక్ట్ సెట్టింగ్. ఏ ఫ్రేములో ఏ బొమ్మో రాసుకునే షీట్‌ను 24కి రాసి, సాఫ్ట్‌వేర్‌లో 25 ఉండిపోతే మూడు నిమిషాల పాటకు గీసిన బొమ్మలు 7.2 సెకన్ల ముందే అయిపోతాయి. పాట ఫైలు 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) గానే తీసుకోండి. ఎమ్‌పీత్రీ చేసేటప్పుడు ఎన్‌కోడర్ మొదట్లో కాస్త నిశ్శబ్దం అతికిస్తుంది, మొదటి ఫ్రేము నుంచే సింక్ తప్పిపోతుంది.

అపోహ: శబ్దం వినిపించిన ఫ్రేములోనే నోరు కదలాలి

కొలిస్తే అలాగే అనిపిస్తుంది. చూస్తే మాత్రం నోరు ఆలస్యమైనట్టు ఉంటుంది. అందుకే నోటి ఆకారాన్ని శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందు పెడతాం. తాళం మీద పడే అడుగుకూ, తల ఊపుకూ ఇదే సూత్రం.

ప, బ, మ వచ్చినచోట పెదవులు కనీసం రెండు ఫ్రేములు మూసుకోవాలి. ఒక్క ఫ్రేముతో సరిపెడితే కంటికి ఆనదు. వేగంగా పాడే చోట రెండు దొరక్కపోతే ముందున్న అచ్చు నుంచి ఒకటి దొంగిలించాలి. తెలుగులో ద్విత్వాలు ఎక్కువ కాబట్టి ‘అమ్మ’, ‘అప్పుడు’ లాంటి మాటలకు మూడు నాలుగు ఫ్రేముల మూత కావాలి. ట, డ, ణ లోపల నాలుకతో అయిపోతాయి, బయటికి ఏమీ చూపించక్కర్లేదు. ప్రతి అక్షరానికీ ఒక నోరు గీసేవాళ్ల పాత్ర పాడుతున్నట్టు ఉండదు, పల్లీలు నములుతున్నట్టు ఉంటుంది. అచ్చులను పట్టుకోండి, పెదవుల మూతలను పట్టుకోండి, మిగతావి వదిలేయండి.

సింహానికి మనిషిలా పెదవులు గుండ్రంగా చుట్టే వీలు లేదు. ‘ఊ’, ‘ఓ’ వచ్చినప్పుడు మీసాల దిమ్మలను కొంచెం ముందుకు తెచ్చి, నోటి మూలలను దగ్గర చేస్తే చాలు. మిగతా భారమంతా దవడదే.

అపోహ: 1994 సినిమాను ప్లాస్టిక్ షీట్ల మీద చేత్తో రంగులేసి తీశారు

గీత చేతిదే, రంగు కంప్యూటర్‌ది. డిస్నీ, పిక్సార్ కలిసి తయారుచేసిన క్యాప్స్ అనే వ్యవస్థ 1990ల మొదట్లోనే సెల్ అనే ఆ ప్లాస్టిక్ షీట్ మీద పెయింటింగ్‌ను పక్కకు నెట్టింది. కాగితం మీద రఫ్ బొమ్మ, దాని మీద క్లీనప్ అనే శుభ్రమైన గీత, కదలికను కలిపే మధ్య బొమ్మలు, ఆ తర్వాత స్కానింగ్, కంప్యూటర్‌లో రంగు నింపడం, నేపథ్య చిత్రంతో పొరలు పొరలుగా కలపడం. పని నడిచే వరుస ఇది.

సినిమా నిడివి 88 నిమిషాలు. గుణిస్తే 1,26,720 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా, తెరపై ఒక్క పాత్రే ఉందనుకున్నా, అరవై వేలు దాటుతాయి. పాత్రలు రెండు మూడైతే లెక్క మీరే వేసుకోండి. ఒక్క మనిషి ఆరు నెలల్లో చేత్తో గీసి మ్యూజికల్ తీస్తానంటే మూడు నిమిషాల పాట ఒకటి ఎంచుకోమనే మా సలహా.

అడవిదున్నల్లాంటి వైల్డ్‌బీస్ట్ మంద లోయలోకి దూకే దృశ్యం మాత్రం వేరే దారిలో జరిగింది. తెరపై రెండున్నర నిమిషాలే ఉండే ఆ ఘట్టానికి రెండేళ్లకు పైగా పట్టింది. జంతువును కంప్యూటర్‌లో త్రీడీలో కట్టి, వందలుగా నకళ్లు తీసి, ఒకదానికొకటి గుద్దుకోకుండా దారి చూసుకునేలా ప్రత్యేకంగా ప్రోగ్రాం రాశారు. అంతా అయ్యాక దానికి పెన్సిల్ గీతలాంటి అంచు ఇచ్చి, చేత్తో గీసిన సింహం పిల్ల పక్కన అతుకు తెలియకుండా కలిపారు. మంద గీయడంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే కనిపిస్తుంది. ఒకే పరుగు సైకిల్‌ను, అంటే మళ్లీ మళ్లీ తిరిగే అడుగుల బొమ్మల వరుసను, వంద చోట్ల అతికిస్తే కాళ్లన్నీ ఒకేసారి లేచి, మంద కాస్తా పరేడ్ అయిపోతుంది. సైకిళ్లు కనీసం నాలుగైదు ఉండాలి, ఒక్కో జంతువు మొదలయ్యే ఫ్రేము మారాలి, వేగంలో కొద్దిగా తేడా ఉండాలి.

అపోహ: జంతువులైతే తేలిక, ఎలా గీసినా చెల్లుతుంది

కుక్కనో పిల్లినో రోజూ చూసే ప్రేక్షకుడు తప్పును ఇట్టే పట్టేస్తాడు, పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు అంతే. సింహం నడకలో ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక, కుడి ముందు అన్న వరుసలో అడుగులు పడతాయి. దీన్ని గుర్రం పరుగుతోనో, ముందు వెనక కాళ్లు మూలమూలగా జతగా లేచే దుడుకు నడకతోనో కలిపేస్తే బరువు పోతుంది. వెనక కాలికి వెనక్కి వంగి కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటుంది. ముందు కాలు మోపినప్పుడు భుజపుటెముక వీపు గీత దాటి పైకి పొడుచుకు రావాలి. ఒక్క ఈ కదలిక సరిగ్గా పడితే సగం సింహం వచ్చేసినట్టే.

వయసు చూపించడానికి టైమింగే ఆయుధం. పిల్ల అడుగుల జత 12 ఫ్రేములలో పూర్తయితే, తండ్రిది 28 నుంచి 32 దాకా పోవచ్చు. డిస్నీలో పిల్ల సింబాను మార్క్ హెన్, పెద్ద సింబాను రూబెన్ ఆక్వినో అని ఇద్దరు వేర్వేరు సూపర్‌వైజింగ్ యానిమేటర్లు చూసుకున్నారు. వనవాసంలో పాత్ర ఎదిగిపోయే ఇలాంటి కథల్లో ఆ అతుకు పాట మధ్యలో పెట్టడం మంచి ఎత్తుగడ. ఒక చరణంలో పిల్ల, తర్వాతి చరణంలో కుర్రాడు. నాలుగు డైలాగులు ఖర్చు కాకుండా ఏళ్లు గడిచిపోతాయి.

అపోహ: మాట్లాడినవాళ్లే పాడతారు

సింబా ఒక్కడికే ఇంగ్లీషులో నాలుగు గొంతులున్నాయి. పిల్లవాడి మాటకు జొనాథన్ టేలర్ థామస్, పాటకు జేసన్ వీవర్. పెద్దయ్యాక మాటకు మాథ్యూ బ్రోడరిక్, పాటకు జోసెఫ్ విలియమ్స్. మన ప్లేబ్యాక్ పద్ధతికి అలవాటుపడిన చెవులకు ఇదేమీ వింత కాదు. చూసుకోవలసింది స్థాయి ఒక్కటే కాదు, శ్వాస కూడా. మాట ఆగి పాట మొదలయ్యే చోట ఊపిరి తీసుకున్న చప్పుడు పాడేవాళ్లదే వాడాలి, లేకపోతే మనిషి మారినట్టు తెలిసిపోతుంది.

అపోహ: 2019లో మళ్లీ తీసిన ‘ది లయన్ కింగ్’ లైవ్ యాక్షన్

చాలామంది అలాగే పిలుస్తారు. అందులో నిజంగా కెమెరాతో ఆఫ్రికాలో తీసిన షాట్ ఒక్కటే, మొదట్లో వచ్చేది. మిగతా 1490 షాట్లూ కంప్యూటర్‌లో కట్టినవే అని దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా చెప్పాడు. జంతువులకు మోషన్ క్యాప్చర్ (నిజమైన కదలికను రికార్డు చేసి బొమ్మకు అంటించే పద్ధతి) వాడలేదు, యానిమేటర్లే కదిలించారు. కెమెరా బృందం మాత్రం వీఆర్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ కృత్రిమ సవన్నాలో తిరిగి కోణాలు పట్టుకుంది. ఈ పనిలో ఎంపీసీ అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ బెంగళూరు స్టూడియోకు కూడా వాటా ఉంది.

ముఖాల్లో భావం తగ్గిందన్న ఫిర్యాదు న్యాయమైనదే. అసలు సింహానికి కనుబొమలు లేవు. గీసిన సింహానికి పెట్టుకోవచ్చు. వాస్తవికత వైపు ఎంత జరిగితే పాట అంత పరాయిదవుతుంది. మ్యూజికల్‌కు గీతే నప్పుతుందని మా పక్షపాతం.

అపోహ: తెలుగు డబ్బింగ్ అంటే అనువాదం చేసి చదివించడమే

ఇంగ్లీషులో ఒక్క ‘యూ’తో అందరికీ సరిపోతుంది. తెలుగు రాసేవాళ్లు మొదటి పేజీలోనే తేల్చుకోవాలి. పిల్ల తండ్రిని ‘నువ్వు’ అంటుందా, ‘మీరు’ అంటుందా? కొలువులో హార్న్‌బిల్ పక్షి ‘మీరు’ అనక తప్పదు. ‘అంకుల్’ అన్న మాటకు ఇంకా చిక్కు. స్కార్ రాజుకు తమ్ముడు కాబట్టి బాబాయే, పెదనాన్న కాలేడు. ఇక్కడ తెలుగుకు లాభం కూడా ఉంది. ‘బాబాయ్’లో ఉన్న చనువు ‘అంకుల్’లో లేదు. నమ్మించి లోయలోకి పంపే సన్నివేశానికి ఆ చనువే పనికొస్తుంది.

‘డాడ్’ ఒక అక్షరం, ‘నాన్నా’ రెండు. నోరు ఒక్కసారే తెరుచుకునే క్లోజప్‌లో ఇది ఇరకాటం. పాత్ర వీపు కనిపిస్తున్న ఫ్రేములలోనే మొదటి అక్షరం మొదలుపెట్టి, దీర్ఘాన్ని తెరిచిన నోటి మీద పడేలా జరపాలి. తెలుగు క్రియ వాక్యం చివర ఉంటుంది. అసలు మాట ఇంగ్లీషులో మధ్యలో పేలితే మనది ఆఖర్లో పేలుతుంది, చెయ్యి ఊపిన చోటుకు మాట అందదు. వాక్యాన్ని విరిచి, ‘వెళ్లిపో! మళ్లీ రాకు!’ లాగా క్రియను ముందుకు లాక్కురావాలి.

పాటల్లో మాత్రం తెలుగుది పైచేయి. అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, కావడంతో చివరి స్వరం ఎంతసేపు లాగినా మాట చాలావరకు అచ్చు మీదే నిలుస్తుంది, తెరపై తెరిచిన నోరు తెరిచినట్టే ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది గురులఘువుల దగ్గర. పొడుగు స్వరం మీద లఘువు పడితే ‘వనం’ కాస్తా ‘వానం’గా వినిపిస్తుంది. ట్యూన్‌ను ముందు ‘తానా తనన’ అని రాసుకుని, ఆ మూసలోకి మాటలు దించడం మన సినీకవులకు కొత్త కాదు. సినిమాలోని ‘హకునా మటాటా’ పాట పేరును తర్జుమా చేయబోవద్దు. అది ఇంగ్లీషే కాదు, స్వాహిలి. సినిమా మొదట్లో వినిపించే పిలుపు జూలూ భాషలోది.

2019 డబ్బింగ్‌లో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, ముఫాసాకు పి. రవిశంకర్, సింబా నేస్తాలైన అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, మీర్‌క్యాట్ టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. పుంబా, టిమోన్ జంట బాగా పేలిందంటే స్టార్ల పేర్ల వల్లనే అనుకోకండి. ఏళ్ల తరబడి ఒకరి మాటకు ఒకరు ఎక్కడ అడ్డుపడాలో తెలిసిన జోడీ అది. ఆ టైమింగ్ కాగితం మీద రాయలేం.

అపోహ: కథలోని సింహాల రాజ్యం ప్రకృతిలో ఉన్నట్టే ఉంది

మగపిల్లలు రెండు మూడేళ్లకు గుంపు వదిలి వెళ్లిపోవడం నిజమే, కాబట్టి వనవాసం సహజం. తిరిగొచ్చి తండ్రి గుంపునే ఏలడమే కల్పన. బయట తిరిగిన మగవి సాధారణంగా వేరే గుంపును గెలుచుకుంటాయి. స్థలాన్ని తరతరాలుగా అంటిపెట్టుకునేది ఆడ సింహాలు. హైనాలను దొంగలుగా చూపించడం అన్యాయం, తిండిలో ఎక్కువ భాగం అవే వేటాడుకుంటాయి. హైనాల గుంపుకు ఆడదే నాయకురాలు, వాటి విషయంలో ఆ ఒక్కటీ సినిమాలో సరిగ్గానే ఉంది.

అపోహ: ఆ గర్జన అడవిలో రికార్డు చేసింది

1994 సినిమా గర్జనల్లో ఫ్రాంక్ వెల్కర్ అనే గొంతు కళాకారుడి పని ఉంది. నిజం సింహం గర్జన జనం ఊహించేలా ఉండదు. మూలుగుతున్నట్టు మొదలై, చివరికి పొడి పొడి హుంకారాలుగా తెగిపోతుంది. అందుకే పొరలుగా కడతాం. కింద బరువు కోసం జంతువు శబ్దం, మధ్యలో భావం కోసం మనిషి గొంతు, పైన ఊపిరి గరగర. బరువంతా 60 హెర్ట్జ్ కింద పోసేస్తే థియేటర్లో కుర్చీలు అదురుతాయి, ఫోన్‌లో పిల్లి తుమ్మినట్టు వినిపిస్తుంది. 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య కొంత బలం తప్పకుండా ఉంచి, మిక్స్ ఖరారు చేసే ముందు ఒకసారి చిన్న స్పీకర్‌లో వినండి.