నెట్‌వర్క్‌లో ఎవరి వాటా ఎంత? గొడవ మూలం 1998లో ఉంది

డేటాను ఎంత వేగంగా పంపాలో నిర్ణయించడానికి గూగుల్ 2016లో తెచ్చిన బీబీఆర్ పద్ధతి పక్క కనెక్షన్ల బ్యాండ్‌విడ్త్‌ను లాగేసుకుంటోందన్న వాదన మళ్లీ రాజుకుంది. 2019లో కార్నెగీ మెలన్ పరిశోధకులు చూపించిన లెక్క విమర్శకుల చేతిలో ప్రధాన ఆయుధం: పాత తరహా కనెక్షన్లు 16 ఉన్నా, ఒకే ఒక్క బీబీఆర్ కనెక్షన్ లింకులో దాదాపు 40 శాతం పట్టుకోగలదు. ఇది అన్యాయమే అనిపిస్తుంది. కానీ న్యాయమైన వాటా ఎంతో ముందు తేల్చాలి కదా!

1986లో రద్దీతో నెట్ కుప్పకూలడం, ప్యాకెట్ (పంపే డేటా ముక్క) దారిలో పోతే వేగం సగానికి తగ్గించుకోమని 1988లో నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ దారి చూపడం అందరికీ తెలిసిన కథే. అసలు మలుపు 1998లో కేంబ్రిడ్జ్ గణితవేత్త ఫ్రాంక్ కెలీ, మౌలూ, టాన్‌లతో కలిసి రాసిన పత్రం. రద్దీని బట్టి ప్రతి లింకూ ఒక 'ధర' చెబుతుంది, పంపేవాళ్లు దాన్ని చూసి వేగం సర్దుకుంటారు. పైనుంచి ఎవరూ పంచిపెట్టకుండానే వాటాలు ఒక సమతుల్యానికి చేరతాయని వాళ్లు నిరూపించారు.

వరసగా రెండు లింకులున్నాయనుకుందాం. ఒక్కోదాని సామర్థ్యం 100. ఒకరు రెండింటి మీదుగా పంపుతారు, మరో ఇద్దరు చెరో లింకు వాడతారు. అందరికీ సమానమంటే తలా 50. మొత్తం రవాణాయే ముఖ్యమంటే దూరం పంపేవారికి సున్నా, మిగతా ఇద్దరికీ నూరేసి. కెలీ ప్రతిపాదించిన అనుపాత న్యాయంలో రెండు లింకుల ధరా పడే దూరం వారికి 33, మిగతావారికి 67. మరి జాకబ్సన్ సూత్రంతో నడిచే మామూలు టీసీపీ (నెట్‌లో డేటా పంపే ప్రధాన పద్ధతి)? రాకపోకల సమయం అందరికీ ఒకటే అనుకుంటే దూరం వారికి సుమారు 41 వస్తుంది. ఆ 41 న్యాయమని కూర్చుని నిర్ణయించినవాళ్లు లేరు, సగానికి తగ్గించే సూత్రంలోంచి అదే వచ్చి పడింది.

కనెక్షన్‌కింత అని పంచడమే న్యాయమనేవాళ్లకూ ఒక కారణముంది: రూటర్‌కు కనెక్షన్లే కనిపిస్తాయి, మనుషులు కాదు. అయితే పది కనెక్షన్లు తెరిచిన యాప్‌కు పది వాటాలు దక్కుతాయి. నెట్‌వర్క్ పరిశోధకుడు బాబ్ బ్రిస్కో 2007లో గట్టిగా ఎత్తిచూపింది ఈ లొసుగునే.

అందుకే బీబీఆర్ మీద సరైన అభియోగం 40 శాతం కాదు. దాని మొదటి రూపం ప్యాకెట్ నష్టాన్ని దాదాపు పట్టించుకోలేదు, అంటే లింకు చెప్పే ధరను వినలేదు. తర్వాతి రూపాల్లో నష్టాన్నీ, రూటర్ వేసే రద్దీ గుర్తులనూ లెక్కలోకి తీసుకున్నారు. 2023లో ప్రయోగాత్మక పత్రాలుగా వెలువడిన ఎల్‌4ఎస్ అనే పద్ధతి కూడా రూటర్‌లో క్యూ నిండకముందే ప్యాకెట్ల మీద గుర్తు వేయిస్తుంది. ఇక బీబీఆర్‌ను అడగాల్సింది, ఆ గుర్తు కనబడినప్పుడు ఎంత వేగంగా, ఎంత మేరకు తగ్గుతావని.