బార్ జారట్లేదు, దొర్లుతోంది

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, రోజూ పొద్దున్నే జిమ్‌కి పోతాడు. మొన్న ఫోన్ చేసి "మావయ్యా, డెడ్‌లిఫ్ట్ 120 కిలోల దగ్గర ఆగిపోయింది, నడుము, కాళ్లు ఇంకా ఎత్తగలవు కానీ చేతుల్లోంచి బార్ జారిపోతోంది, స్ట్రాప్స్ కొననా? మా కోచ్ ఏమో అది మోసం అంటున్నాడు" అన్నాడు. డెడ్‌లిఫ్ట్ అంటే నేలమీదున్న బరువుల బార్‌ని పట్టుకుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం, స్ట్రాప్స్ అంటే ఒక కొస మణికట్టుకి తగిలించి మిగతాది బార్‌కి చుట్టుకునే పట్టీలు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, అందుకే వాడన్న "జారిపోతోంది" దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎందుకంటే బార్ జారట్లేదు, దొర్లుతోంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే స్ట్రాప్స్ సంగతి, బొటనవేలు సంగతి, ఒక చెయ్యి తిప్పి పట్టుకునే సంగతి అన్నీ ఒకే లెక్కలోకి వచ్చేస్తాయి.

మంచి బార్‌కి ప్లేట్లు ఎక్కించే చివర్లు విడిగా తిరుగుతాయి, అంటే మనం పట్టుకునే మధ్య కడ్డీ ప్లేట్లతో సంబంధం లేకుండా తనపాటికి తను తిరగగలదు. రెండు అరచేతులూ మనవైపు ఉండేలా పట్టుకున్నప్పుడు వేళ్లు కడ్డీ ముందు నుంచి కిందకి దిగి, అడుగు నుంచి కాళ్లవైపు మడుచుకుంటాయి. బరువు పడగానే కడ్డీ ఆ వేళ్ల మీద దొర్లుకుంటూ కొసలకి వచ్చేస్తుంది, చుట్టిన చాప విచ్చుకున్నట్టు వేళ్లు విచ్చుకుంటాయి. రెండు చేతుల్లోనూ ఒకే దిక్కుకి దొర్లుతుంది కాబట్టి అడ్డుకునేది ఏదీ లేదు.

ఇప్పుడు ఒక అరచేతిని బయటికి తిప్పి పట్టుకోండి. ఎడమ చేతిలో విచ్చుకోవాలంటే కుడి చేతిలో బిగుసుకోవాలి, కడ్డీ ఒక్కటే కదా, రెండూ ఒకేసారి కుదరవు, దాంతో దొర్లడం ఆగిపోతుంది. ఇదే మిక్స్‌డ్ గ్రిప్. కాకపోతే తిప్పిన చేతిని మోచేతి దగ్గర కొంచెం మడిచి లాగితే కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువే ఏకంగా తెగే ప్రమాదం ఉంది, డెడ్‌లిఫ్ట్‌లో బైసెప్స్ (జబ్బ ముందు కండ) స్నాయువు తెగేది ఎక్కువగా ఆ చేతికే. చెయ్యి తాడులా నిటారుగా వేలాడాలి, అంతే.

రెండోది హుక్ గ్రిప్. బొటనవేలు కడ్డీకి వెనకనుంచి చుట్టి, దాని మీద మిగతా వేళ్లు వేసి నొక్కడం. చూడండి, వేళ్లు చుట్టిన దిక్కు ఒకటి, బొటనవేలు చుట్టిన దిక్కు దానికి ఎదురు. మిక్స్‌డ్ గ్రిప్ రెండు చేతులతో చేసిన పనిని ఇది ఒక్క చేతిలోనే చేసేస్తుంది. మొదటి కొన్ని వారాలు బొటనవేలు ప్రాణం తీస్తుంది, తర్వాత అలవాటవుతుంది. వెయిట్‌లిఫ్టర్లు దాదాపు అందరూ ఇలాగే పడతారు, పోటీలో వాళ్లకి స్ట్రాప్స్ ఒప్పుకోరు కూడా. వెయిట్‌లిఫ్టింగ్ అనగానే గుర్తొచ్చేది మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, ఆపైన తలపైకి) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఇప్పటికీ మన ఇళ్లలో ఆడపిల్ల బరువెత్తితే గర్భసంచి జారుతుందని, మగపిల్లాడు ఎత్తితే పొడుగు పెరగడని అంటూనే ఉంటారు, ఆ మాటలు విని క్లాసులో పిల్లలు నన్నడుగుతారు, అడిగిన ప్రతిసారీ మల్లీశ్వరి పేరే చెప్తాను.

ఇక స్ట్రాప్. ఇక్కడే నాకు ఇష్టమైన లెక్క ఉంది. పల్లెటూళ్లో పెరిగినవాళ్లు చూసే ఉంటారు, గింజుకుంటున్న కోడెదూడ పలుపుని పదేళ్ల పిల్లాడు గుంజకి రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే చాలు, దూడ కదల్లేదు. పిల్లాడి బలం కాదది, చుట్ల బలం. చుట్టు చుట్టుకీ పట్టు కూడుకుంటూ పోదు, హెచ్చవేతగా పోతుంది. ఘర్షణ గుణకాన్ని (రాపిడి ఎంతో చెప్పే సంఖ్య) చుట్టిన కోణంతో (రేడియన్లలో, ఒక చుట్టుకి 6.28) గుణించి, వచ్చినదాన్ని 2.718కి ఘాతంగా వేస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. గుణకం 0.3 అనుకుందాం. ఒక చుట్టుకి సుమారు 6.6 రెట్లు, రెండు చుట్లకి 43 రెట్లు, మూడు చుట్లకి 285 రెట్లు! కొసని 5 కిలోల బలంతో పట్టుకుంటే ఒక చుట్టు 33 కిలోల లాగుడుని ఆపుతుంది, రెండు చుట్లు 200 దాటిస్తాయి, మూడు చుట్లు 1400 దాటిస్తాయి. గుంజ లావా సన్నమా అన్నది ఈ లెక్కలోకే రాదు. మేం ఘర్షణ చెప్పేటప్పుడు వాలుతలం మీద చెక్క దిమ్మె తప్ప ఇంకోటి చూపించం, ఒక తాడు, ఒక కుర్చీ కాలు తెచ్చి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

అయితే గుంజ నేలలో పాతి ఉంటుంది, బార్ అలా కాదు, తిరుగుతుంది. ఎన్ని చుట్లు చుట్టినా కండె నుంచి దారం విడినట్టు విడిపోవచ్చు కదా? విడిపోదు, కానీ సరైన దిక్కుకి చుడితేనే. వేళ్లు కడ్డీ ముందు నుంచి దిగాయి కాబట్టి స్ట్రాప్ కాళ్లవైపు నుంచి దిగి, అడుగు నుంచి ముందుకొచ్చి, పైకెక్కాలి. అప్పుడు స్ట్రాప్ కడ్డీని ఒక దిక్కుకి తిప్పాలని చూస్తుంది, వేళ్ల మీద దొర్లుడు ఇంకో దిక్కుకి తిప్పాలని చూస్తుంది, రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి, పైగా చుట్ల కొస మన గుప్పిట్లోనే నలిగి ఉంటుంది. మావాణ్ణి వీడియో పంపమంటే పంపాడు, స్నేహితుడి స్ట్రాప్స్ తీసుకుని వేళ్లు తిరిగిన దిక్కుకే చుట్టాడు, అందుకే అవి కట్టినా బార్ దొర్లిపోతోంది. తిప్పి చుట్టమన్నాను, అదే రోజు 120 మూడుసార్లు లేపాడు.

మోసమా అంటే, పవర్‌లిఫ్టింగ్ పోటీలో (స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ ఉండే పోటీ) స్ట్రాప్స్ నిషేధం, బండరాళ్లు, బండ్లు లాంటివి ఎత్తి లాగే స్ట్రాంగ్‌మన్ పోటీల్లో మామూలే. 2016లో లీడ్స్‌లో ఎడ్డీ హాల్ ఎత్తిన 500 కిలోలు స్ట్రాప్స్‌తోనే. ఐస్‌లాండ్ వాడు బెనెడిక్ట్ మాగ్నుసన్ 2011లో స్ట్రాప్స్ లేకుండా 460 ఎత్తాడు. ఆ రెండింటి మధ్య తేడా అంతా స్ట్రాప్స్‌దే అనుకోకండి, ఒంటిమీది దుస్తులు వేరు, బార్ వేరు. మావాడు పోటీకి పోవట్లేదు, వాడికి కావాల్సింది నడుము, తొడలు బలపడటం, గుప్పిట అలిసిందని వాటిని ఎందుకు ఆపాలి.

గ్లోవ్స్ మాత్రం వద్దన్నాను. 28 మిల్లీమీటర్ల కడ్డీకి చుట్టూ 2 మిల్లీమీటర్ల గుడ్డ చేరితే 32 అవుతుంది, లావెక్కిన కడ్డీ వేళ్లని ఇంకా తొందరగా తెరిపిస్తుంది. దానికంటే చాక్ నయం, అది మెగ్నీషియం కార్బొనేట్, చెమట పీల్చేస్తుంది. బెల్టు నడుముని పట్టి ఉంచదు, నిండా ఊపిరి పీల్చి బిగబట్టినప్పుడు పొట్ట నెట్టుకోవడానికి ఒక గోడలా ఉంటుంది, లోపలి ఒత్తిడి పెరిగి వెన్ను నిలబడుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఇలా ఊపిరి బిగబట్టే ముందు డాక్టర్ని అడగాల్సిందే. ఇంకొకటి, బార్ కాళ్లకి ఆనుకునే పైకి రావాలి. 100 కిలోల బార్ 10 సెంటీమీటర్లు ముందుకి పోతే నడుము మీద దాదాపు 98 న్యూటన్ మీటర్ల టార్క్ (ముందుకి వంచాలని చూసే ప్రభావం) అదనంగా పడుతుంది, ఏ బెల్టూ దాన్ని తీసెయ్యలేదు.

ఇప్పుడు మావాడు 100 కిలోల దాకా చాక్ రాసుకుని ఉత్త చేతుల్తో ఎత్తుతున్నాడు, ఆపైన స్ట్రాప్స్. ఆఖర్న వాటిని విప్పేసి 80 కిలోల బార్ పట్టుకుని పది సెకన్లు నిలబడుతున్నాడు, గుప్పిట వెనకబడిపోకుండా. వారానికి 2.5 కిలోలు మాత్రమే పెంచమన్నాను.