గడ్డి మందు బ్యాన్: అపోహలు, వాస్తవాలు - వరంగల్ ఎమర్జెన్సీ వార్డు నుంచి

"బ్యాన్ చేస్తే ఏమైతది సార్, సచ్చేటోడు ఇంకోటి తాగుతడు."

ఈ మాట వారానికి ఒకసారైనా నా చెవిన పడుతుంది. పురుగుమందుల షాపాయన అంటాడు, బాగా చదువుకున్న మా క్లాస్‌మేట్ అంటాడు. మొన్న ఒక ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు వినతిపత్రం పట్టుకొని పోతే అక్కడి పీఏ కూడా ఇదే అన్నాడు. మేం బ్యాన్ చేయమని అడుగుతున్న గడ్డి మందు పేరు పారాక్వాట్. దాని గురించి ఉన్న అపోహలన్నిటిలో మనుషుల్ని ఎక్కువగా చంపుతున్నది ఇదే. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నెలల తరబడి ఆలోచించి ఆ పని చేసినవాళ్లు కాదు. అప్పులూ బాధలూ ఎప్పటినుంచో ఉండొచ్చు, కానీ డబ్బా చేతిలోకి తీసుకున్నది ఒక్క క్షణంలో. పత్తి చేనుకని తెచ్చింది కొట్టంలో ఉంది, ఇంట్లో మాటా మాటా పెరిగింది. ఇంకో అరగంట ఎవరైనా పక్కన కూర్చుంటే గండం గడిచేది. వార్డుకు వచ్చేసరికే "సార్, నన్ను బతికించుండ్రి" అని చెయ్యి పట్టుకుంటారు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు తాగిన కేసైతే ఆ చెయ్యి పట్టుకొని ధైర్యం చెప్పగలను. విరుగుడుగా అట్రోపిన్ ఉంది, వెంటిలేటర్ ఉంది, నడుచుకుంటూ ఇంటికి పోయినవాళ్లను ఎంతోమందిని చూశాను. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. ఆ మనిషి మనసు మారినా ఆ మందు వెనక్కి రానివ్వదు. ఇంకోటి తాగుతాడనే అనుకుందాం. ఆ ఇంకోదానితో నాకు పోరాడే వీలుంటుంది. మేం అడుగుతున్నది ఆ వీలు కోసమే.

ఇది నా ఊహ కాదు. 1995 నాటికి శ్రీలంక ప్రపంచంలోనే ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటి. ప్రాణాంతకమైన మందుల్ని ఒక్కొక్కటిగా తీసేశారు. పారాక్వాట్‌ను 2008 నుంచి 2011 మధ్య దశలవారీగా ఆపేశారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. మందు తాగి ఆస్పత్రికి వచ్చేవాళ్లు పెద్దగా తగ్గలేదు, వచ్చినవాళ్లు బతికి ఇంటికి పోవడం పెరిగింది. దక్షిణ కొరియా 2012లో అమ్మకాలు ఆపితే ఏడాది రెండేళ్లలోనే పురుగుమందుల చావులు దాదాపు సగానికి వచ్చాయి. "ఇంకోటి తాగుతడు" అనేవాళ్లు ఈ రెండు దేశాల సంగతి ఒకసారి చూడాలి.

పోయిన వానాకాలం భూపాలపల్లి రోడ్డు వైపు నుంచి ఒక పిల్లగాడిని వాళ్ల బాపు బండి మీద కూర్చోబెట్టుకొని తెచ్చాడు. పిల్లగాడు తనే దిగి నడిచి వచ్చాడు. "ఒక్క గుటకనే సార్, మిగిలింది ఉమ్మేసిండు. మంచిగనే మాట్లాడుతుండు" అన్నాడు బాపు. మూత్రం శాంపిల్‌లో డైథియోనైట్ వేశాను, పారాక్వాట్ ఉంటే నీలం రంగు తెచ్చే రసాయనం అది. రంగు ఎంత ముదిరితే విషం అంత ఎక్కువ. టెస్ట్‌ట్యూబ్ అంతా సిరా పోసినట్టు ముదురు నీలం. పక్కనే నిలబడ్డ బాపు దాన్ని చూసి "రంగొచ్చింది, అంటే మంచిదేనా సార్?" అని అడిగాడు. నా నోట మాట రాలేదు. ఆ పిల్లగాడు ఐదు రోజులు అందరితో మాట్లాడాడు, ఫోన్ చార్జర్ అడిగాడు, దోస్తులు వస్తే లేచి కూర్చున్నాడు. ఆరో రోజు ఆయాసం మొదలైంది. చివరిదాకా తెలివితోనే ఉన్నాడు.

కాబట్టి ఆందోళనలో ఉన్న కుటుంబాలకు ఒక మాట. మనిషి బాగానే మాట్లాడుతున్నాడని ఇంట్లో ఉంచుకోవద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బా వెంట పెట్టుకొని, 108కి ఫోన్ చేసి వెంటనే రండి. మొదటి గంటల్లో చేసే వైద్యానికే ఏదైనా ఫలితం ఉంటే ఉంటుంది.

పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాత్రి తాగితే తెల్లారినాక తెస్తారు, "గడ్డి కోస్తుంటే మీద పడింది" అని చెప్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, భయం అట్లాంటిది. కానీ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత 309 సెక్షన్ లేనేలేదు. మేం రాసే ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) రికార్డు కోసం, జైలు కోసం కాదు.

"అది ఢిల్లీ చేతుల్లో ఉంది, రాష్ట్రం ఏం చేస్తది?" సగమే నిజం. శాశ్వతంగా నిషేధించాల్సింది కేంద్రమే. కానీ 1968 పురుగుమందుల చట్టం 27వ సెక్షన్ కింద రాష్ట్రం 60 రోజులు అమ్మకం ఆపగలదు, ఇంకో 30 రోజులు పొడిగించగలదు. కేరళ 2011లోనే పారాక్వాట్‌ను ఆపింది. ఒడిశాలో బుర్లా మెడికల్ కాలేజీ డాక్టర్లు, విద్యార్థులు రోడ్డెక్కి దీన్ని రాష్ట్ర సమస్య చేశారు. మన తెలంగాణే 2018లో గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు మీద ఆంక్షలు పెట్టింది. ఆస్పత్రులు, వ్యవసాయం, మందుల షాపుల లైసెన్సులు అన్నీ రాష్ట్రం చూసేవే. అరవై రోజులు పోతే మళ్లీ షాపుల్లోకి వస్తుంది, నిజమే. ఆ అరవై రోజులు వానాకాలంలో పడితే ఎన్ని ఇళ్లు నిలబడతాయో వార్డులో ఉన్నవాళ్లకు తెలుసు.

రైతుకు నష్టమా? కైకిలోళ్లు దొరకని బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ పత్తి వేస్తారు. గుంటుక ఉంది, పవర్ వీడర్ ఉంది, ఇంత ప్రాణాంతకం కాని కలుపు మందులున్నాయి. శ్రీలంకలో ఈ మందుల నిషేధాల వల్ల దిగుబడులు పడిపోలేదు.

డాక్టర్లకు రాజకీయాలెందుకని అడిగేవాళ్లకు నా జవాబు: టెస్ట్‌ట్యూబ్ పట్టుకొని ఆ బాపు ముందు ఒక్కసారి నిలబడి చూడండి.

ఆ రోజు క్యాంపు ఆఫీసులో ఎమ్మెల్యే గారు మాత్రం ఓపికగా విన్నారు. అంతా విని "ఎన్ని కేసులు డాక్టర్ గారూ, మన దగ్గర?" అన్నారు. నా దగ్గర లెక్క లేదు. రిజిస్టర్లో అన్నీ 'పాయిజనింగ్' అనే ఒకే కాలమ్‌లో పోతాయి, ఏ మందో విడిగా రాయం. తప్పు మాదే. ఆ సాయంత్రమే పొడుగు నోటుబుక్కు కొని గీతలు గీశాను: తేదీ, మండలం, ఏ మందు, ఎన్ని గంటలకు వచ్చారు, ఏమైంది. పేర్లు లేవు. ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ వైపు పీహెచ్‌సీల్లో, ఏరియా ఆస్పత్రుల్లో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ రిజిస్టర్లలోనూ ఆ 'ఏ మందు' కాలమ్ ఒక్కటి గీయండి. వచ్చేసారి హైదరాబాద్ పోయేటప్పుడు అన్నీ కలిపి తీసుకుపోదాం.

ఇంట్లో ఎవరైనా మనసు బాగాలేక మాట్లాడకుండా ఉంటే, డబ్బాను ఇవాళే కొట్టంలోంచి తీసి తాళం వేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.