ముట్లుడిగే వయసు సెగలకు చైనా సూదులు: వెనకున్న కథ

అనంతపురంలో, కడపలో ఆక్యుపంక్చర్ బోర్డు కనిపిస్తే ఇప్పుడెవరూ ఆగి చూడరు. మోకాళ్ల నొప్పులకని వెళ్లినవాళ్లే ముట్లుడిగే వయసులో (మెనోపాజ్) ఒంట్లో ఉన్నట్టుండి ఎగసే సెగలకు, రాత్రి చెమటలకు, నిద్రలేమికి కూడా సూదులు వేయించుకుంటున్నారు. "వేల ఏళ్ల వైద్యమమ్మా" అని చెప్తారు. అందులో సగమే నిజం.

రెండు వేల ఏళ్ల కిందటి చైనా గ్రంథం 'హువాంగ్‌దీ నెయ్‌జింగ్' ఆడమనిషి జీవితాన్ని ఏడేసి ఏళ్లుగా లెక్కేస్తుంది, 14కు ముట్టు మొదలు, 49కి ఆగిపోవడం. అక్కడ దాన్ని జబ్బనలేదు, వయసుతో జరిగేదన్నారు, అంతే. మూత్రపిండాల 'యిన్', అంటే ఒంట్లోని చల్లదనం తరిగిపోయి వేడి పైకి తంతుందనేది ఆ వైద్యుల వివరణ (మన స్కానింగుల్లో కనిపించే కిడ్నీకీ దీనికీ సంబంధం లేదు, కంగారు పడొద్దు). వేడి చేసిందని మజ్జిగ తాగించే మన పెద్దవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

పోనీ ఆ సూదులు చైనాలోనైనా ఏకధాటిగా నడిచాయా అంటే, లేదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య విద్యాలయం నుంచి వాటిని తీసేయించాడు. సరిపడా డాక్టర్లు లేని దేశాన్ని నడపాల్సొచ్చిన మావో ప్రభుత్వం 1950ల్లో మళ్లీ పైకి తెచ్చింది. మెనోపాజ్‌కు ఇప్పుడు ఇచ్చే 'అర్ షియాన్ టాంగ్' కషాయం పుట్టింది కూడా ఆ 1950ల్లోనే, షాంఘైలో. ఈ సూదుల వైద్యాన్ని మన దేశానికి తెచ్చింది డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన భారత వైద్య బృందంలో ఆయనొకరు, ఆ తర్వాత 1950ల చివర్లో మళ్లీ వెళ్లి నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. 2019లో కేంద్రం దీన్ని విడి వైద్య విధానంగా గుర్తించింది.

అసలు మలుపు మాత్రం అమెరికాలో. అక్కడ మెనోపాజ్ అంటే హార్మోన్ మాత్రే అన్నట్టుగా దశాబ్దాలు నడిచాక, 2002 జూలైలో పెద్ద అధ్యయనం ఒకటి మధ్యలో ఆగింది, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ కాస్త పెరిగిందని. లక్షలమంది భయపడి మాత్రలు మానేసి సూదులు, మూలికల వైపు మళ్లారు. పరిశోధనలూ అప్పుడే జోరందుకున్నాయి. 2016లో ఆస్ట్రేలియాలో 327 మందిని రెండుగా చేసి, సగం మందికి అసలు సూది, సగం మందికి చర్మంలోకి దిగని మొండి సూది వాడారు. రెండు గుంపుల్లోనూ సెగలు దాదాపు 40 శాతం తగ్గాయి, తేడా లేదు. తగ్గడం అబద్ధం కాదు, కానీ తగ్గించింది సూది పోటేనా, పడుకోబెట్టి నెమ్మదిగా మాట్లాడి పట్టించుకోవడమా అంటే నాకు రెండోదే ఎక్కువనిపిస్తుంది. అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో ఆక్యుపంక్చర్‌ను సిఫారసు చేయలేదు.

మన దగ్గర కథ ఇంకోటి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెల్లబట్ట ఎక్కువవుతోందనో, "క్యాన్సర్ రావచ్చ"న్న భయంతోనో, ఎండలో శెనక్కాయ చేలకు పోయే మనిషికి నెలనెలా ఈ బాధెందుకనో, పిల్లలయ్యారు కదా తీసేస్తే పోతుందని 40 లోపే ఆపరేషన్. అండాశయాలూ తీసేస్తే ఏళ్ల తరబడి మెల్లగా రావలసిన మెనోపాజ్ రోజుల్లో వచ్చి పడుతుంది, ఎముకలు, గుండె కూడా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. 2002 నాటి భయం వీళ్లకు సరిపోయేది కాదు, ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లు 50 నుంచి 79 ఏళ్లవాళ్లు. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడమే వైద్యుల పద్ధతి. ఆ పని సూది చేయలేదు.

కాబట్టి సూదులకు వెళ్లాలనుకునే అక్కలు ముందు పాత డిశ్చార్జి కాగితం వెతికి, అండాశయాలు ఉంచారో తీశారో కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా గైనిక్ డాక్టరుకు చూపించండి. సూది వేయించుకున్నా ప్రతిసారీ కొత్త సూది ప్యాకెట్ మీ ముందే విప్పమనండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే 'డాంగ్ గుయ్' అనే వేరు కలిసిన చైనా మూలికలు మాత్రం ముట్టుకోవద్దు.