గేమ్ ఆఫ్ డెత్: బ్రూస్ లీ పోయాక బ్రూస్ లీతో తీసిన సినిమా

చనిపోయిన నటుణ్ణి ఏఐతో మళ్లీ తెర మీదికి తేవచ్చా అన్న తగువు ఇప్పుడు జోరుగా నడుస్తోంది గానీ, అది కంప్యూటర్లతో మొదలైంది కాదు. 1978లో హాంకాంగ్‌ వాళ్లు ఆ పని అట్టముక్కతో చేశారు.

1972లో బ్రూస్ లీ తన సొంత కథతో, తన డైరెక్షన్‌లోనే ‘గేమ్ ఆఫ్ డెత్’ మొదలుపెట్టాడు. ఐదంతస్తుల పగోడా, అంతస్తుకో యోధుడు. ఒక పద్ధతికే అతుక్కుపోయినవాడు ఓడిపోతాడు, ఎదుటివాణ్ణి బట్టి మారగలిగినవాడు గెలుస్తాడు. ఆయన రూపొందించిన యుద్ధకళ జీత్ కున్ దో సారాంశమూ ఇదే. చివరి ఫైట్‌లో 7 అడుగుల 2 అంగుళాల బాస్కెట్‌బాల్ స్టార్ కరీమ్ అబ్దుల్ జబ్బార్ తన్నిన తన్నుకి లీ పసుపు డ్రెస్ మీద పాదం అచ్చు పడుతుంది. బలంతో లాభం లేదు. కరీమ్ కళ్లు వెలుతురుకి తట్టుకోలేవని లీ పసిగట్టి కాగితపు కిటికీలు చించేస్తాడు. చూసి తీరాల్సిన సీను.

మధ్యలో వార్నర్ బ్రదర్స్ ‘ఎంటర్ ది డ్రాగన్’ ఆఫర్ ఇవ్వడంతో షూటింగ్ ఆగింది. 1973 జూలై 20న మెదడు వాపుతో లీ చనిపోయాడు. వయసు 32.

మార్కెట్ మాత్రం ఆగలేదు. బ్రూస్ లై, బ్రూస్ లే అంటూ పోలికలున్న కుర్రాళ్లతో సినిమాలు వరుసకట్టాయి. అసలు మనిషి ఫుటేజ్ చేతిలో ఉన్న హాంకాంగ్ నిర్మాణ సంస్థ గోల్డెన్ హార్వెస్ట్ ఊరుకుంటుందా? ‘ఎంటర్ ది డ్రాగన్’ తీసిన రాబర్ట్ క్లౌజ్‌నే పిలిచి కొత్త కథ రాయించింది. పగోడా పోయింది. మాఫియా వేధింపులు పడలేక చచ్చిపోయినట్టు నాటకమాడే సినిమా హీరో బిల్లీ లో వచ్చాడు. డూప్‌గా కొరియన్ నటుడు కిమ్ తే చుంగ్, పల్టీలకు యుయెన్ బియావ్. ముఖం తెలియకుండా పెద్ద నల్లకళ్లద్దాలు, గడ్డం. ఒకచోట డూప్ అద్దంలో చూసుకుంటుంటే, అద్దంలో అతని ముఖం కనిపించే చోట లీ ముఖం ఉన్న అట్టముక్క అతికించారు, చూస్తే ఇట్టే దొరికిపోతుంది. అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి: బిల్లీ దొంగ అంత్యక్రియలకి లీ నిజమైన అంత్యక్రియల ఫుటేజ్ వాడేశారు.

లీ తీసినదాంట్లో ఇందులో మిగిలింది సుమారు 11 నిమిషాలే. పగోడాలో ఆయన వెంట ఇద్దరు తోడుంటారు, బిల్లీ మాత్రం ఒంటరి. వాళ్లున్న షాట్లన్నీ కత్తెరపాలయ్యాయి. సినిమా పూర్తి చేయడం తప్పని నేననను. లీ కథని పారేసి లీ బొమ్మని అమ్ముకోవడమే తప్పు. మిగతా ఫుటేజ్ 2000లో డాక్యుమెంటరీగా వచ్చాక గానీ ఆయన ఏం తీయాలనుకున్నాడో జనానికి తెలియలేదు.

ఆ సినిమాలో బిల్లీకి షూటింగ్‌లోనే నిజమైన తూటా తగులుతుంది. 1993లో లీ కొడుకు బ్రాండన్ ‘ది క్రో’ సెట్‌లో తుపాకీ ప్రమాదంలోనే పోయాడు. దాన్నీ పూర్తి చేశారు, కానీ అసలు కథని పారేయలేదు. మిగిలిపోయిన కొద్ది సీన్లకు డూప్ చాడ్ స్టాహెల్స్కీ, కంప్యూటర్‌తో అతికించిన ముఖం సరిపోయాయి.

వారసుల అనుమతి లేకుండా చనిపోయిన నటుల డిజిటల్ నకళ్లు వాడకూడదని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. అది ముఖానికీ గొంతుకీ కాపలా కాస్తుంది. ఆ నటుడు సగంలో వదిలేసిన కథ జోలికి పోదు.